గాజు పెట్టెలో పగడాల తోట: మీకు తెలుసా?

హాల్లో ఓ మూల గాజు తొట్టి. అందులో అర అడుగు పగడపు కొమ్మలు, వాటి మధ్య దోబూచులాడే రెండు నారింజ రంగు చేపలు. చూడటానికి ఇంతే! కానీ దాని ముందు అరగంట కూర్చుని "ఇదెందుకిలా?" అని అడగడం మొదలుపెడితే ఒక్కో జవాబూ ఒక్కో విడ్డూరం. అలా ఏళ్ళ తరబడి ఏరుకున్నవి ఇవి. వరస లేదు, ఎక్కణ్ణుంచి చదివినా సరే!

❖ పగడం చెట్టా, రాయా, జంతువా? ఏది చెప్పినా మీకు మార్కులు పడతాయి! కొమ్మలా కనిపించేది పాలిప్‌లనే బుల్లి జంతువుల గుంపు, అవి కూర్చున్నది తామే కట్టుకున్న సున్నపురాయి మీద, వాటి ఒంట్లో కాపురముండేది ఎండతో వంట చేసుకునే సూక్ష్మ నాచు.

❖ ఆ నాచు ఎంతుంటుందనుకున్నారు? చిటికెన వేలి గోరంత పగడంలో దాదాపు పది లక్షల కణాలు! ఇంటి అద్దె కింద అవి చెల్లించేది పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఉంటుంది. ట్యాంకు పైన వెలిగే దీపమే వాటి అన్నం అన్నమాట.

❖ మరి మీ వేలి ఉంగరంలోని పగడం? అది వేరే వంశం! నవరత్నాల్లో చేరిన ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో వెలుతురు సరిగా అందని లోతుల్లో, గుహల్లో పుడుతుంది. దాని ఒంట్లో నాచు ఉండదు, ఏడాదంతా పెరిగినా కాడ లావు ఒక్క మిల్లీమీటరు కూడా హెచ్చదు. ట్యాంకుల్లో పెంచే ఆక్రోపోరా అనే కొమ్మ పగడాలైతే కుదురుకున్నాక ఒక్క ఏడాదిలో పది సెంటీమీటర్లు సాగగలవు.

❖ సున్నపురాయి పొడితో చేసిన ముగ్గుపిండి, కోడిగుడ్డు పెంకు, పగడపు కొమ్మ. మూడూ ఒకే పదార్థం! కాల్షియం కార్బొనేట్. లీటరు సముద్రపు నీటిలో ఉండే 400 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం నుంచే పాలిప్ తన ఇంటికి ఇటుకలు పేర్చుకుంటుంది.

❖ ఆ ఇటుకలు అయిపోతే? ట్యాంకులో సున్నపు తేట పొయ్యాలి! అవును, బడిలో గొట్టం పెట్టి ఊదితే పాలలా తెల్లబడేదే, ఆ తేట నీరే. 1970లలో పీటర్ విల్కెన్స్ అనే ఆయన ఈ పద్ధతిని పగడాలు పెంచేవాళ్ళకు నేర్పాడు. జర్మన్‌లో దాని పేరు కాల్క్‌వాసర్, మాటకు మాట పెడితే సున్నపు నీరే! లీటరు నీటిలో కరిగేది 1.7 గ్రాముల సున్నమే, మిగతాది అడుక్కి దిగిపోతుంది. అయినా ఆ తేట పిహెచ్ 12 దాటుతుంది. సముద్రానిది 8.2. అందుకే చుక్క చుక్కగా, రాత్రి పూట వదులుతారు. చీకట్లో నాచు వంట ఆపేస్తుంది, పీల్చే బొగ్గుపులుసు వాయువు నీటిలోనే మిగిలిపోయి పిహెచ్ దానంతటదే పడుతుంది, ఆ సమయానికి సున్నం చుక్కలు సరిగ్గా పనికొస్తాయి. ఎంత చక్కటి జోడింపు! అయితే కిళ్ళీ కొట్టు సున్నం వద్దు, శుద్ధి చేసినదే వాడాలి.

❖ ఇంటికి చుట్టాలొస్తే ట్యాంకు పిహెచ్ పడిపోతుంది! కిటికీలు మూసి ఏసీ వేసిన గదిలో పదిమంది ఊపిరి వదిలితే ఆ బొగ్గుపులుసు వాయువు నీటిలో కలిసి ఆమ్లమవుతుంది. మందు? కిటికీ తెరవడమే.

❖ రెండు వందల లీటర్ల ట్యాంకుకు ఎంత ఉప్పు కావాలి? చెంచాడా? పిడికెడా? ఏకంగా 7 కిలోలు! సముద్రంలో లీటరుకు సగటున 35 గ్రాముల లవణాలుంటాయి, తొట్టిలోనూ అంతే ఉండాలి. ఆ నీళ్ళ బరువు 200 కిలోలు పైమాటే. అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు ఎనిమిది ఒక్క బల్ల మీద పెట్టినట్టు! గాజు, రాళ్ళు, ఇసుక బరువు దానికి అదనం.

❖ వంటింటి ఉప్పుతో సముద్రం చేయలేరు! సముద్రపు నీటిలో మెగ్నీషియం, పొటాషియం, స్ట్రాన్షియం, అయోడిన్... ఇలా 70కి పైగా మూలకాలు కలిసి ఉంటాయి. మెగ్నీషియమే లీటరుకు 1300 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అది తగ్గితే కాల్షియం పగడానికి చేరకుండా పంపుల మీదే పెచ్చులు కడుతుంది.

❖ ఇప్పుడో చిక్కు ప్రశ్న. ట్యాంకులో నీళ్ళు ఆవిరై తగ్గాయి. ఉప్పునీళ్ళు పొయ్యాలా, మంచినీళ్ళా?

మంచినీళ్ళే! ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. రోజుకు నాలుగు లీటర్ల చొప్పున పోతుంటే, ఐదు రోజుల్లో ఆ 7 కిలోల ఉప్పు 180 లీటర్లలోకి సర్దుకుని లీటరుకు 39 గ్రాములవుతుంది. పదో రోజుకు 43 దాటుతుంది. అంటే ఎర్ర సముద్రం కన్నా ఉప్పన! రొయ్యలు, నత్తలు ముందు కుదేలవుతాయి. నన్నడిగితే కొత్తగా పెంచేవాళ్ళు కొనవలసిన మొదటి వస్తువు చేప కాదు, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్.

❖ సముద్రపు చేపలు నీళ్ళు తాగుతాయి, చెరువు చేపలు దాదాపు తాగవు! ఉప్పునీరు చేప ఒంట్లోని తడిని లాగేస్తుంటుంది, అందుకని అది తాగుతూనే ఉండాలి, ఎక్కువైన ఉప్పును మొప్పల గుండా బయటికి తోసెయ్యాలి. చుట్టూ నీళ్ళే, అయినా దాహం!

❖ లీటరు గాలిలో 270 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్, 25 డిగ్రీల లీటరు సముద్రపు నీటిలో 7 కూడా నిండదు! మనకన్నా దాదాపు 40 రెట్లు పలచటి ఊపిరితో చేప బతుకుతోంది. వేడెక్కినకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. వేసవి రాత్రి కరెంటు పోయి పంపులు ఆగితే కొద్ది గంటల్లోనే ట్యాంకు ప్రమాదంలో పడేది ఇందుకే. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి ఎప్పుడూ దగ్గరుండాలి.

❖ వేసవిలో ట్యాంకును చల్లబరిచే సూత్రమూ, మట్టికుండ సూత్రమూ ఒక్కటే! ఒక్క లీటరు నీరు ఆవిరైతే చాలు, 200 లీటర్ల ట్యాంకును దాదాపు 3 డిగ్రీలు దించేంత వేడిని పట్టుకుపోతుంది. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే సరి. ఇక్కడే ఒక తమాషా: అదే ఫ్యాను హైదరాబాదు ఎండలో బాగా పనిచేస్తుంది, కాకినాడ ఉక్కపోతలో నీరసిస్తుంది! గాలిలో తేమ నిండి ఉంటే కుండా చల్లబడదు, ట్యాంకూ చల్లబడదు. అక్కడ చిల్లర్ పెట్టక తప్పదు.

❖ మనకు ఒక డిగ్రీ జ్వరమొస్తే మాత్ర వేసుకుని పడుకుంటాం. పగడానికి? మామూలు వేసవి వేడికన్నా ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలుంటే ప్రాణం మీదికొస్తుంది! వేడికి తాళలేక అది తన ఒంట్లోని నాచునే బయటికి వెళ్ళగొడుతుంది. నాచుతో పాటు రంగూ పోయి, పారదర్శకమైన ఒంట్లోంచి తెల్లటి అస్థిపంజరం కనిపిస్తుంది. ట్యాంకులో 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఎక్కడ నిలిపినా మంచిదే, ఊగిసలాడకుండా నిలపడం ముఖ్యం.

❖ రాగి చెంబు నీళ్ళు మనకు మంచివంటారు. రొయ్యకు, నత్తకు, పగడానికి రాగి విషం! అదే రాగి చేపల ఒంటి మీది పరాన్నజీవులకు మందు కూడా. అందుకే జబ్బు చేపకు రాగి మందు వెయ్యాలంటే దాన్ని వేరే తొట్టిలోకి మార్చాలి. పగడాల ట్యాంకుకు నీళ్ళు రాగి బిందెతో మొయ్యకండి!

❖ చేపకు తెల్లమచ్చల జబ్బు వస్తే, చేపలన్నీ తీసేశాక కూడా ట్యాంకును 76 రోజులు ఖాళీగా ఉంచుతారు! ఆ జబ్బు తెచ్చే క్రిప్టోకారియాన్ అనే జీవి రాళ్ళకు, ఇసుకకు గుడ్డులా అంటుకుని వారాల తరబడి నిద్రపోగలదు. లేచాక చేప దొరక్కపోతే చచ్చిపోతుంది. పగడాలకు అది ఏమీ చెయ్యదు, కాబట్టి అవి ట్యాంకులోనే హాయిగా ఉండొచ్చు.

❖ దోమల స్ప్రే కొడుతున్నారా? ముందు ట్యాంకు మూసి, ఎయిర్ పంపు ఆపండి! ఆ మందుల్లో ఎక్కువగా ఉండే పైరెథ్రాయిడ్లు చేపలకూ రొయ్యలకూ చాలా ప్రమాదం, ఎయిర్ పంపేమో గదిలోని గాలిని నేరుగా నీళ్ళలోకి తోస్తుంది.

❖ కొత్త ట్యాంకు నింపాక మొదటి నెల, ఒక్కోసారి నెలన్నర, అందులో చేపలే ఉండవు! అయినా లోపల పెద్ద పెంపకమే నడుస్తుంటుంది. చేప వదిలే అమ్మోనియా చేపకే విషం. దాన్ని ఒక జాతి బాక్టీరియా నైట్రైటుగా, మరో జాతి నైట్రేటుగా మార్చాలి. ఆ రెండూ రాళ్ళ మీద స్థిరపడేదాకా ఓపిక పట్టాలి. పిల్లలకు ఇదే అన్నిటికన్నా కష్టమైన పాఠం!

❖ ఆ బాక్టీరియా ఉచితంగా దొరికే చోటు ఏదో 1961లోనే ఒకాయన ప్రపంచానికి చెప్పాడు. జకార్తాలో లీ చిన్ ఎంగ్ సముద్రం నుంచి తెచ్చిన గుల్లబారిన రాళ్ళు, గాలి బుడగలు, ఎండ, ఈ మూడింటితోనే పగడాల్ని ఇంట్లో పెంచి ఓ అమెరికా పత్రికలో రాశాడు. ఫిల్టరు లేదు! రాతి పైన గాలి అందే చోట ఒక బాక్టీరియా, లోపల గాలి అందని సందుల్లో మరో బాక్టీరియా చేరి మురికిని పంచుకు తింటాయి. ప్రాణమున్న ఆ రాళ్ళనే ఇప్పుడు లైవ్ రాక్ అంటున్నారు.

❖ గాజు అక్వేరియం ఎవరు కనిపెట్టారో తెలుసా? బట్టలు కుట్టి పేరు తెచ్చుకున్న ఒక ఫ్రెంచి అమ్మాయి! పేరు జాన్ విల్‌ప్రూ పవర్. పెళ్ళయ్యాక ఇటలీలోని సిసిలీ ద్వీపానికి వెళ్ళి, ఆర్గొనాట్ అనే బుల్లి ఆక్టోపస్ తన గుల్లను తానే కట్టుకుంటుందా, ఎవరిదైనా కాజేస్తుందా అని తేల్చుకోవడానికి 1832లో గాజు తొట్టెలు చేయించింది. తేలిందేమిటి? తానే కట్టుకుంటుంది!

❖ యజమాని పోయాక ఇంకో 36 ఏళ్ళు బతికిన సీ ఎనిమోన్ అనే పువ్వులాంటి సముద్రజీవి ఒకటుంది! 1828లో స్కాట్లండ్ తీరంలో జాన్ డాల్యెల్ దాన్ని పట్టి గాజు జాడీలో వేశాడు. ఆయన 1851లో పోయాడు. అది చేతులు మారుతూ, జాడీలో నీళ్ళు మారుతూ 1887 దాకా బతికింది. దాని పేరు గ్రానీ, అంటే బామ్మ! హీటరు లేదు, పంపు లేదు, కరెంటే లేదు. వేళకు నీళ్ళు మార్చే మనిషి ఉన్నాడంతే. ఇన్ని విశేషాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

❖ నీమో సినిమా చూశారుగా? అసలు కథ చెప్పనా? క్లౌన్ ఫిష్‌లన్నీ మగవిగానే పుడతాయి! గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడది అవుతుంది. ఆ తల్లి చనిపోతే తండ్రి చేప ఆడదిగా మారిపోతుంది, పిల్లకాయల్లో పెద్దది తండ్రి స్థానంలోకి వస్తుంది. కాబట్టి రెండు చిన్న పిల్లల్ని కలిపి పెంచండి, ఎవరు అమ్మ, ఎవరు నాన్న అన్నది అవే తేల్చుకుంటాయి. బాగా చూసుకుంటే ఇరవై ఏళ్ళు దాటి బతికే చేప ఇది. మీ పాప రెండో తరగతిలో కొన్న చేప ఆమె పెళ్ళికి కూడా ఉండొచ్చు!

❖ అద్దంలో కనిపించేది తానేనని గుర్తుపట్టే చేప ఉంది! తోటి చేపల ఒళ్ళు శుభ్రం చేసే క్లీనర్ రాస్. జపాన్‌లోని ఒసాకా శాస్త్రవేత్తలు దాని గొంతు కింద గోధుమరంగు చుక్క పెట్టి అద్దం చూపించారు. అది పోయి ఆ చుక్కను ఇసుకకు రుద్దుకుంది. ఈ ఫలితం 2019లో వెలువడింది. ఇంకో లెక్క: సముద్రంలో ఒక్క రోజులో ఈ చేప దగ్గరికి శుభ్రం చేయించుకోవడానికి వచ్చే వంతులు రెండు వేలకు పైగా! ఇంటి ట్యాంకులో అన్ని చేపలెక్కడివి? పస్తులతో చాలావరకు చిక్కిపోతుంది, కొనకపోవడమే దానికి మేలు.

❖ దాని బదులు క్లీనర్ రొయ్యను పెట్టుకోండి. ఎర్రటి ఒంటి మీద తెల్లటి గీత, పొడుగాటి తెల్ల మీసాలు. నీళ్ళలో చెయ్యి పెడితే మీ గోళ్ళు కూడా శుభ్రం చేస్తుంది!

❖ ఇంట్లో ఎవరూ లేరు, ట్యాంకులోంచి "టప్" మని శబ్దం. గాజు పగిలిందా? కంగారు పడకండి, అది పిస్టల్ రొయ్య! పెద్ద డెక్కను ఎంత వేగంగా మూస్తుందంటే నీటిలో ఒక బుడగ పుట్టి, అంతలోనే పేలుతుంది. ఆ లిప్తపాటు బుడగ లోపలి వేడి 4,700 డిగ్రీలు. సూర్యుడి పైపొర 5,500! ఈ వీరుడికి చూపు మాత్రం ఆనదు. అందుకే గోబీ అనే చేపతో ఒప్పందం: బొరియ తవ్వేది రొయ్య, కాపలా కాసేది చేప. రొయ్య మీసం ఎప్పుడూ చేపను తాకుతూనే ఉంటుంది, చేప తోక ఆడిస్తే చాలు, ఇద్దరూ లోపలికి.

❖ రాళ్ళలో దాక్కుని ఉచితంగా వచ్చేసే అతిథి మాంటిస్ రొయ్య. గుద్దుతుంది, అదీ గంటకు 80 కిలోమీటర్ల వేగంతో! నత్త గుల్లలు పగలగొట్టడానికి పుట్టిన ఆ పిడికిలి ఒక్కోసారి ట్యాంకు గాజునూ బీట్లు వేయిస్తుంది. మన కంట్లో రంగులు పట్టే కణాలు మూడు రకాలు, దాని కంట్లో 12 రకాల పైనే.

❖ ఇంగ్లండులోని న్యూకీ పట్టణంలో ఒక అక్వేరియంలో పగడాలు తెల్లారేసరికి కొరికేసి ఉంటున్నాయి, చేపలు గాయపడుతున్నాయి. దొంగ ఎవరు? ఉచ్చులు పెట్టారు, దొరకలేదు. 2009లో చివరికి రాళ్ళన్నీ ఊడదీస్తే బయటపడింది నాలుగడుగుల సముద్రపు పురుగు! బుల్లి పిల్లగా రాతిలో వచ్చి, రాత్రిళ్ళు తిని, పగలు దాక్కుని అంతయింది. కొత్త రాయిని కొన్నాళ్ళు వేరే తొట్టిలో ఉంచి చూడాలనేది అందుకే.

❖ రాళ్ళు శుభ్రమవుతాయని వేడినీళ్ళలో ఉడకబెట్టొద్దు, ఎప్పుడూ వద్దు! జోయాంథిడ్ అనే పువ్వుల్లాంటి పగడాల బంధువుల్లో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. లోకంలో తెలిసిన అత్యంత గాఢమైన విషాల్లో అదొకటి, ఉడికించినా చావదు, ఆవిరితో పాటు లేచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఇలా ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు వేర్వేరు దేశాల్లో జరిగాయి. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు లేకుండా వాటిని కొయ్యకూడదు, గీకకూడదు. పిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క అంశాన్ని గట్టిగా చదివి వినిపించండి.

❖ పగడాలు యుద్ధాలు చేస్తాయి! గెలాక్సియా పగడం రాత్రిపూట 30 సెంటీమీటర్ల దాకా కొరడాల్లాంటి చేతులు చాచి పక్కవాణ్ణి కాలుస్తుంది. మరికొన్ని తమ పొట్టలోని దారాల్నే బయటికి వదిలి పొరుగుపగడాన్ని అక్కడికక్కడే జీర్ణం చేసుకుంటాయి. మెత్తని పగడాలకు కొరడాల్లేవు, అవి నీళ్ళలో విషం కలుపుతాయి. రెండు కొమ్మల మధ్య జానెడు ఎడం ఉంచడం అందం కోసం అనుకున్నారా?

❖ ఆ విషాన్ని పీల్చేది బొగ్గు. ఒక్క గ్రాము యాక్టివేటెడ్ కార్బన్ లోపలి రంధ్రాల్ని చదునుగా పరిస్తే ఎంత స్థలమో చెప్పండి? 600 నుంచి 1200 గజాలు! నగరంలో అంత స్థలం కొనాలంటే ఎంతవుతుందో పెద్దవాళ్ళని అడగండి.

❖ అలల అంచున తెల్లటి నురగ చూశారుగా? అదే సూత్రంతో ట్యాంకును శుభ్రం చేసే యంత్రం ప్రొటీన్ స్కిమ్మర్. ఉప్పునీటిలో బుడగలు సన్నగా, విడివిడిగా ఉండి వాటికి జిడ్డు మురికి అంటుకుంటుంది. మంచినీటిలో బుడగలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవైపోతాయి, అందుకే ఇది మంచినీటి చేపల తొట్టిలో పనిచెయ్యదు!

❖ ట్యాంకులో వోడ్కా పోసేవాళ్ళున్నారు! చేపలకు కాదు, బాక్టీరియాకు. ఆ కొద్ది చుక్కల్లోని కార్బన్ తిని బాక్టీరియా పెరుగుతూ నైట్రేటును, ఫాస్ఫేటును లాగేసుకుంటుంది, ఆ బాక్టీరియాను స్కిమ్మర్ నురగతో పాటు ఎత్తిపోస్తుంది. వంద లీటర్లకు మొదటి మోతాదు మిల్లీలీటరులో పదో వంతు. మితిమీరితే నీటిలో ఆక్సిజన్ ఇగిరిపోతుంది.

❖ ఫాస్ఫేటు లీటరుకు 0.03 మిల్లీగ్రాములుంటే చాలు. వెయ్యి లీటర్ల ట్యాంకంతా వెతికితే 0.03 గ్రాము! కాస్త ఎక్కువైతే నాచు కమ్ముకుంటుంది, పూర్తిగా సున్నా అయినా పగడం పాలిపోతుంది.

❖ చేపల మూత్రం పగడాలకు ఎరువు! మొప్పల నుంచి వచ్చే అమ్మోనియా, మూత్రంలోని ఫాస్ఫరస్ పగడంలోని నాచుకు అందుతాయి. సముద్రంలో చేపల గుంపులు విశ్రమించే కొమ్మలు మిగతా వాటికన్నా త్వరగా పెరుగుతాయని 1980లలోనే చూశారు.

❖ మెదడు లేదు, గుండె లేదు, అయినా రోజంతా చేతులు గుండెలా కొట్టుకుంటాయి! జీనియా అనే మెత్తని పగడమది. ఆ కదలికతో చుట్టూ పేరుకున్న ఆక్సిజన్ చెదిరిపోయి, లోపలి నాచు ఇంకా బాగా వంట చేస్తుంది.

❖ ఒంట్లో నిజంగా నీలి రంగు పదార్థం ఉన్న జంతువులు ఏవో తెలుసా? నెమలి కాదు, నీలి సీతాకోకచిలుక కూడా కాదు, వాటిది వెలుతురు చేసే మాయ! అసలైన నీలి వర్ణక కణాలు మాండరిన్ చేపలో, దాని దగ్గరి బంధువులో దొరికాయి. అంత అందగత్తె పాపం ట్యాంకుల్లో ఆకలితో పోతుంటుంది. కోపిపాడ్ అనే ఇసుకరేణువంత పురుగుల్ని పగలంతా ఏరుకుని తినే చేప అది, పొడి మేత ముట్టదు. ఏడాది నిండి, పురుగులు బాగా పెరిగిన ట్యాంకులోనే దాన్ని వదలాలి.

❖ పిల్లల్ని నోట్లో పెట్టుకుని దాదాపు నెల రోజులు ఉపవాసముండే నాన్న ఎవరు? బంగ్గాయ్ కార్డినల్ చేప! ఇండోనేషియాలోని కొద్దిపాటి దీవుల చుట్టూ మాత్రమే పుట్టిన జాతి. అక్వేరియాల కోసం ఎడాపెడా పట్టడంతో 2007లో అంతరించే ముప్పున్న జాబితాలో చేరింది. సంతోషమేమంటే ఇది ఇంటి ట్యాంకులోనే పిల్లల్ని పెట్టగలదు.

❖ డోరీ అని పిల్లలు పిలిచే నీలి టాంగ్‌ను 2016 దాకా ఎవరూ తొట్టిలో పుట్టించి పెంచలేకపోయారు! ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ ఏడాది సాధించారు. అంతకు ముందు ఏడాది హవాయిలో పసుపు టాంగ్ పిల్లలు పెరిగాయి. కొనేటప్పుడు "ఇది సముద్రంలో పట్టిందా, తొట్టిలో పుట్టిందా?" అని అడగండి. ఫిలిప్పీన్స్ వంటి చోట్ల పగడాల సందుల్లోకి సయనైడ్ చిమ్మి చేపల్ని పట్టే అలవాటు 1960లలో మొదలైంది. అలా పట్టిన చేప పైకి మామూలుగానే కనిపిస్తుంది!

❖ మన దేశంలో పులికీ పగడానికీ ఒకే చట్టం, ఒకే షెడ్యూలు! 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గట్టి పగడాలన్నిటినీ 2001లో మొదటి షెడ్యూలులో చేర్చారు. సముద్ర గుర్రాలు, పెద్ద జాతి ఆల్చిప్పలూ అప్పుడే అక్కడ చేరాయి. అండమాన్ విహారంలో ఒడ్డున దొరికిన పగడపు ముక్కను సంచిలో వేసుకోవడం కూడా నేరమే.

❖ ఇంత పొడుగు తీరముండి గోదావరి, కృష్ణా ముఖద్వారాల దగ్గర పెద్ద పగడపు దిబ్బలెందుకు లేవు? నదులే కారణం! మనకు అన్నం పెట్టే ఆ మంచినీరు, ఒండ్రుమట్టి పగడానికి ఊపిరాడనివ్వవు. దానికి తేట నీరు, నిలకడైన ఉప్పదనం కావాలి. అందుకే రామేశ్వరం వైపు మన్నార్ సింధుశాఖకో, లక్షద్వీప్‌కో, అండమాన్‌కో పోయి చూడాలి.

❖ లక్షద్వీప్‌లోని అగట్టి దీవిలో మహిళలు క్లౌన్ ఫిష్‌ల పెంపకం నేర్చుకున్నారు! సముద్రంలో చేతులు పెట్టకుండా తొట్టిలో పుట్టిన పిల్లల్ని పెంచడమే ఆ పని. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కూడా క్లౌన్ ఫిష్‌ల్ని హేచరీలో పొదిగించింది.

❖ మొనాకోలో సముద్రపు మ్యూజియం కిటికీల కింద 1984లో ఒక చదరపు మీటరు నాచు కనిపించింది. ఇరవై ఏళ్ళు తిరక్కుండానే అది మధ్యధరా అడుగున వేల హెక్టార్లు! అక్వేరియంలో అందం కోసం పెంచిన కాలెర్పా అది, తొట్టి నీళ్ళతో బయటపడింది. ఫ్లోరిడా దగ్గర 1985లో కనిపించిన లయన్ ఫిష్‌దీ ఇదే కథ. దాని ఆడ చేప ఏడాదికి పెట్టే గుడ్లు 20 లక్షల దాకా. వద్దనుకున్న చేపను, నాచును సముద్రంలోనో చెరువులోనో వదలకండి, ఇంకో పెంపకందారుకు ఇవ్వండి.

❖ పగడాన్ని కత్తిరిస్తే రెండు పగడాలవుతాయి, అతికించేది సూపర్ గ్లూతో! గులాబీ అంటు కట్టినట్టే. ముద్దగా ఉండే ఆ జిగురు నీటిలోనూ గట్టిపడుతుంది, పగడానికి హాని చెయ్యదు. ఫ్లోరిడాలో డేవిడ్ వాన్ అనే శాస్త్రవేత్త చేతిలో 2006లో ఒక పగడం పొరపాటున విరిగి, తొట్టి అడుగున నాలుగైదు పాలిప్‌లు మిగిలిపోయాయి. అవి చస్తాయనుకున్నాడు. కొద్ది వారాల్లో చూస్తే నాణెమంత! చిన్న చిన్న ముక్కలు మామూలు కన్నా 25 రెట్లకు పైగా వేగంగా పెరుగుతాయని అలా తెలిసింది. ఇప్పుడు దెబ్బతిన్న దిబ్బలకు ఆ ముక్కలే నాట్లు.

❖ క్యాన్సర్ కణాల్ని ఎర్రగా వెలిగించి చూపే ఒక ప్రొటీన్ మాస్కోలో అక్వేరియం పగడాల నుంచి వచ్చింది! మంచు దేశంలో తొట్టిలో పెరిగిన మష్రూమ్ కోరల్ నుంచి రష్యా శాస్త్రవేత్తలు దాన్ని తీసి 1999లో ప్రకటించారు. నీలి దీపం కింద మీ ట్యాంకులో మిలమిలలాడే ఎరుపు, ఆకుపచ్చలు ఆ కుటుంబానివే.

❖ లండన్‌లో కూర్చున్న పగడానికి ఆస్ట్రేలియాలో ఎప్పుడు పున్నమో ఎలా తెలుస్తుంది? హార్నిమన్ మ్యూజియం వాళ్ళు చెప్పారు! సముద్రంలో పగడాలు ఏడాదికి కొద్ది రాత్రులే, పున్నమి వెళ్ళాక, ఒక్కసారిగా గుడ్లు వదులుతాయి. అందుకని వాళ్ళు తొట్టి మీద కంప్యూటరుతో సూర్యోదయాలు, రుతువుల వేడి, వెన్నెల దీపం అన్నీ అమర్చారు. 2013లో పగడాలు నమ్మేశాయి, గులాబీ రంగు గుడ్లు పూసల్లా పైకి తేలాయి!

❖ టోక్యోలోని సుమిదా అక్వేరియంలో 300 గార్డెన్ ఈల్స్ 2020లో మనుషుల్ని మరిచిపోయాయి! కరోనాకు సందర్శకులు ఆగిపోయేసరికి, సిబ్బంది కనిపించినా అవి ఇసుకలోకి దూరిపోవడం మొదలుపెట్టాయి. అప్పుడు తొట్టి ముందు తెరలు పెట్టి, ఇళ్ళ నుంచి వీడియో కాల్ చేసి చేపలకు చేతులూపండని జనాన్ని పిలిచారు!

❖ ఒక్కటి ఇవాళే చేసి చూడండి. ట్యాంకు దీపం ఆపాక గంట ఆగి, టార్చికి ఎర్ర కాగితం చుట్టి లోపలికి వెయ్యండి. చాలా సముద్రజీవులకు ఎరుపు సరిగా కనిపించదు, కాబట్టి బెదరవు. పగలు మొద్దులా ఉన్న పగడం వందల నోళ్ళు తెరిచి చేతులు చాచి ఉంటుంది, ఇసుకలోంచి పురుగులు లేస్తుంటాయి, నత్త గాజెక్కుతుంటుంది, క్లౌన్ ఫిష్‌ల జంట ఎనిమోన్ మధ్యలో ఒకదానికొకటి ఆనుకుని ఊగుతూ ఉంటుంది. పిస్టల్ రొయ్య ఉంటే, వినండి... టప్!